కుప్పయ్య అని పిలిచిందెవరు?

"ఐదు గంటలకు స్టేషన్‌కు పోతా. మునీంద్ర మీద దొంగతనం కేసు పెడతా. అంతవరకే మీకు టైము మేడమ్," అన్నాడు షణ్ముగం.

డిటెక్టివ్ యాస్మిన్ గడియారం చూసుకుంది. గురువారం మధ్యాహ్నం రెండూ పది.

"చాలు. నిచ్చెన తెప్పించండి," అంది.

నగరిలో పద్దెనిమిది మగ్గాల పవర్‌లూమ్ షెడ్డుకు షణ్ముగం ఓనరు. పదిహేడు మగ్గాల మీద పావడ గుడ్డ నేస్తారు. మూలనున్న పద్దెనిమిదో మగ్గం మాత్రం చీరల మగ్గం. దాన్ని నడిపేది ఇరవై ఆరేళ్ళ మునీంద్ర. ఆ మగ్గానికి నెత్తిన జకార్డు పెట్టె ఉంటుంది. చిల్లులు పొడిచిన అట్టలు వరసగా దాని కిందికి వచ్చి, ఏ పోగు లేవాలో మగ్గానికి చెబుతాయి. చీర కొంగు మీద చింతపూత డిజైను కోసం ఆరువందల అట్టలకు చిల్లులు పొడిచి, వాటిని ఒకదానికొకటి దారంతో కుట్టి దండ చేయడానికి మునీంద్రకు నాలుగు నెలలు పట్టింది. ఆ దండ చేతికొస్తే ఎవరి మగ్గమైనా అదే కొంగు నేస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం ఆ దండ మాయమైంది. మునీంద్ర కూడా మాయమయ్యాడు.

అట్టలెత్తుకుని తమిళనాడుకు పారిపోయాడని ఊరంతా అంది. కాదన్న మనిషి ఒక్కతే. మునీంద్ర అవ్వ చౌడేశ్వరమ్మ. ఈరోజు తెల్లవారి మొదటి బస్సుకు తిరుపతి వెళ్ళి, యాస్మిన్ ఆఫీసు గుమ్మంలో కూర్చుని, "నా మనవడు దొంగ కాదు తల్లీ. వాడు యాడుండాడో కనుక్కో," అంది. ఆ ఒక్క మాటకే యాస్మిన్ బ్యాగు సర్దుకుంది.

నిచ్చెన వచ్చింది. యాస్మిన్ చున్నీ నడుముకు చుట్టుకుని పైకెక్కింది. జకార్డు పెట్టె ఖాళీగా ఉంది. టార్చి వేసి దాని అంచులన్నీ వెతికింది. సిలిండరుకు, చట్రానికి మధ్య ఒకే ఒక్క అట్ట ఇరుక్కుని ఉంది. జాగ్రత్తగా బయటికి లాగింది.

"అన్నా, మీరు ఎన్నేళ్ళ నుంచి మగ్గాల మీద ఉన్నారు?"

"ముప్పై ఏండ్లు."

"ఈ దండను మీరైతే ఎట్ల దించుతారు?"

షణ్ముగం చేతులతో చూపించాడు. "ఇట్ల మడతేసుకుంటా రావాల. పుస్తకం మాదిరి మడుసుకుంటుంది. ఆరునూరు అట్టలు ఒక గోతంలో పట్టిపోతాయి. పావుగంట పని."

"దారం కోస్తారా?"

"కోస్తే వరస పోతుంది గదా మేడమ్. మళ్ళీ కుట్టుకోవాలంటే పదిదినాలు. మగ్గం ముట్టినోడు ఎవుడూ కొయ్యడు."

యాస్మిన్ ఆ అట్ట అతని చేతిలో పెట్టింది. రెండు పక్కలా దారం తెగి ఉంది. పీకితే పీచులు లేస్తాయి. ఇక్కడ పీచు లేదు. బ్లేడుతో కోసిన కోత.

షణ్ముగం అట్టను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత అట్టను వెలుతురుకెత్తి పట్టాడు. చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు అతని మొహం మీద పడ్డాయి.

"ఒక్క చిల్లు పక్కకు జరిగిందేమో సూడండి. జరగల్యా. మిషను లేకుండా చేత్తో పొడిచినాడు మేడమ్ ఇవన్నీ. మా నాయన పోయినంక ఇట్లాంటి చెయ్యి నేను సూడనే లేదు."

"ఆ చెయ్యి తన నాలుగు నెలల కష్టాన్ని బ్లేడుతో కోసుకుంటుందా?"

షణ్ముగం అట్టను జేబు రుమాల్లో చుట్టి యాస్మిన్‌కు తిరిగి ఇచ్చాడు.

"మంగళవారం భోజనాల వేళ ఎప్పుడు?"

"ఒకటింబావు నుంచి రెండుంబావు. మగ్గాలన్నీ ఆపేస్తాము. రెండుంబావుకు వచ్చి సూస్తే పెట్టె ఖాళీ."

"మునీంద్ర భోజనం ఎక్కడ చేస్తాడు?"

"ఈడనే. ఈ మగ్గం పక్కనే. చింతపూత మొదలుపెట్టినప్పటి నుంచి దీన్ని ఇడిసిపెట్టి పోయిందే ల్యా."

"అంటే దండ ఎత్తుకుపోవాలంటే ముందు మునీంద్రను ఇక్కడి నుంచి కదిలించాలి. కదిలించింది, మీరు ఇందాక చెప్పిన ఆ ఫోను. ఆ ఫోను ఎత్తిన మనిషిని పిలవండి."

వాచ్‌మన్ శాంతయ్య వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. చంకలో నోటుబుక్కు. షెడ్డుకు వచ్చే ప్రతి ఫోనూ, ప్రతి బండీ టైముతో సహా అందులో రాస్తాడు. యాస్మిన్ ఆ పేజీ తెరిచి చూసి మెచ్చుకోలుగా తలూపింది. తిరుపతిలో పెద్ద పెద్ద హోటళ్ళ రిజిస్టర్లు కూడా ఇంత శుభ్రంగా ఉండవు.

"మంగళవారం ఒకటీ ఇరవైకి ఫోను. ఒకటీ ఇరవై ఆరుకు మునీంద్రకు చెప్పినట్టు రాసినావు పెదనాయనా. ఆరు నిమిషాలు ఏం చేసినావు?"

శాంతయ్య ఓనరు వైపు చూశాడు.

"ఆయన్ను చూడొద్దు. నన్ను చూడు."

"మనిషి ఎవురో తెలుసుకునేదానికి పట్టింది మ్మా. ఎవురో ఆడమనిషి. 'కుప్పయ్య అవ్వను మాట్లాడతాండా. గుండెల్లో నొప్పి. చిత్తూరు ఆస్పత్రికి పోతాండా. కుప్పయ్యను తొందరగా ఆడికి రమ్మను' అని పెట్టేసింది. ఈడ కుప్పయ్య అనేటోడు ఎవుడూ లేడు. నలుగురిని అడిగితి. ఎవురికీ తెలీదు. ఆఫీసులోకి పోయి హాజరు పుస్తకం తీసి సూస్తి. పద్దెనిమిదో మగ్గం, కుప్పయ్య మునీంద్ర కుమార్ అని ఉండాది. ఓహో మన మునీంద్రేనా అని అప్పుడు పోయి చెప్పినాను."

"ఏమని చెప్పినావు? సరిగ్గా ఆ మాటే చెప్పు."

"'మీ అవ్వకు బాగలేదంట, చిత్తూరు ఆస్పత్రికి రమ్మనింది' అన్యాను. చేతిలో ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేదు మ్మా. బండెక్కి పోయినాడు."

"కుప్పయ్య అనే పేరు అతనికి చెప్పినావా?"

"అదెందుకు చెప్తా? మనిషి దొరికినాడు గదా."

యాస్మిన్ నోటుబుక్కు మూసింది. ఆఫీసు గదిలో చౌడేశ్వరమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. యాస్మిన్ వెళ్ళి పక్కన కూర్చుంది. శాంతయ్య, షణ్ముగం వెనకే వచ్చారు.

"అవ్వా, బుధవారం స్టేషన్లో కాగితం రాయించినావు గదా. మనవడి పేరు ఏమని చెప్పినావు?"

"మునీంద్ర అని."

"పూర్తి పేరు?"

"అదే తల్లీ. మునీంద్ర."

"మరి కుప్పయ్య ఎవరు?"

ముసలామె చటుక్కున పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాస్మిన్ మళ్ళీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది. తన అమ్మమ్మ అమీనా బీ గుర్తొచ్చింది. రేషన్ ఆఫీసులో గుమాస్తా ఎన్నిసార్లు గద్దించినా భర్త పేరు చెప్పేది కాదు. 'తాళాల అంగడాయన' అనేది. షఫీవుల్లా అనే పేరును పక్కనున్నవాళ్ళే చెప్పాల్సి వచ్చేది.

"తాత పేరా అవ్వా?"

చౌడేశ్వరమ్మ తలూపింది. "కట్టుకున్నోని పేరు నోట్లో పెట్టుకుంటామా తల్లీ? ఆయప్ప పోయి ముప్పై ఏండ్లయినా నేను పలకల్యా. మొదటి మనవడికి తాత పేరు పెట్టల్ల, పెట్టినాము. పిలిచేదెట్ల? నేను పిలవలేను. నా కోడలికి మామ పేరు, అదీ పిలవలేదు. అందుకనే రెండో పేరు తగిలించినాము. పుట్టినప్పటి నుంచి వాడు మునీంద్రనే. ఆ మొదటి పేరు పెట్టి వాన్ని పిలిచినోళ్ళు ఈ భూమ్మీద లేరు."

"ఉన్నారవ్వా. ఒకరున్నారు. మంగళవారం ఒకటీ ఇరవైకి ఫోను చేసినామె."

శాంతయ్య మొహం వాడిపోయింది. "ఆ పేరు వానికి చెప్పింటే..."

"చెప్పి ఉంటే అది అవ్వ కాదని మునీంద్రకు ఆ క్షణమే తెలిసేది," అంది యాస్మిన్. "ఆమె కూడా అది ఊహించలేదు పెదనాయనా. నీ తప్పు కాదు."

బయట జీపు ఆగింది. గుమ్మంలోకి ఒక బలిష్ఠమైన మనిషి వచ్చాడు. కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టుకుని, అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సునీల్‌కుమార్. చిత్తూరులో సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతాడు. ఈ షెడ్డులో కెమెరాలు పెట్టిందీ, ఈ కేసులో షణ్ముగం డిటెక్టివ్‌గా పెట్టుకున్నదీ అతన్నే.

"తిరుపతి నుంచి ఇంత దూరం వచ్చినారా మేడమ్? కొండ మీద పోయిన చెప్పులన్నీ దొరికినాయా?"

"దొరికినాయి సార్. మీరు వేసుకొని ఉన్నవే."

శాంతయ్య దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. సునీల్‌కుమార్ నవ్వలేదు.

"నేను కేసు ముగించేసినాను. కుప్పయ్యకు అట్టలు కావాల. షెడ్డు నుంచి బయటికి పోయేదానికి సాకు కావాల. ఈ ముసలామె ఫోను చేసింది. కుప్పయ్య పోయినాడు. ఇప్పుడు ఈమెకు ఏమీ తెలీనట్టు నాటకం. ఐదు గంటలకు ఇద్దరి మీదా కేసు."

"ఒకటిన్నరకు బయటికి పోయిన మనిషి, ఒకటిన్నర తర్వాత షెడ్డులో అట్టలు ఎట్ల దించినాడు?"

"మళ్ళీ వచ్చుంటాడు, వెనక గేటు నుంచి."

"మీరు పెట్టిన కెమెరాలో కనపడాలి గదా?"

"కెమెరా వైరు పీకేసినాడు. మంగళవారం ఒంటిగంట నుంచి రికార్డింగు లేదు. కుప్పయ్య తెలివైనోడు మేడమ్, మీకంటే."

యాస్మిన్ కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె గొంతు మెత్తబడింది. ఆమె గొంతు మెత్తబడినప్పుడు ఎదుటివాళ్ళు జాగ్రత్తపడాలని తిరుపతిలో చాలామందికి అనుభవం మీద తెలుసు. సునీల్‌కుమార్‌ది చిత్తూరు.

"సార్, మీరు ఈ ఊళ్ళో ఎంతమందితో మాట్లాడినారు?"

"ఇరవై మందితో. నిన్నంతా అదే పని."

"ఆ ఇరవై మందీ అతన్ని ఏమని పిలిచినారు?"

"ఏమని పిలిస్తే ఏముంది?"

"మునీంద్ర అని పిలిచినారు. ఓనరు మునీంద్ర అంటాడు. వాచ్‌మన్ మునీంద్ర అంటాడు. టీ అంగట్లో కూడా మునీంద్ర. అతన్ని కుప్పయ్య అన్నది నాకు తెలిసినంతవరకు ఇద్దరే. ఫోనులో ఆ ఆడమనిషి. ఇప్పుడు మీరు."

"నేను రికార్డు మనిషిని. రికార్డులో ఉండే పేరే వాడతాను."

"ఏ రికార్డు?"

"ఆధార్ కాపీ. నిన్న కేసు ఒప్పుకున్నప్పుడు ఓనరు ఇచ్చినాడు."

షణ్ముగం తలెత్తాడు. "నేనిచ్చిందేముంది సునీలూ? మావోళ్ళ ఆధార్ కాపీలన్నీ మీ ఆఫీసులో పనిచేసే ఆమెనే గదా తీసుకపోయింది. కెమెరాలు పెట్టిన దినం. పది దినాలాయె. ఇంకా వెనక్కి ఇయ్యల్యా కూడా."

యాస్మిన్ సునీల్‌కుమార్ వైపు తిరిగింది.

"నిన్ననో, మొన్ననో. గుర్తులేదు," అన్నాడు సునీల్‌కుమార్. "దీన్ని పట్టుకుని వేలాడతారా? మనిషి పారిపోయినాడు. యాడుండాడో చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను మీరు డిటెక్టివ్ అని."

ఆ మాటతో యాస్మిన్‌కు అసలు విషయం తట్టింది. సునీల్‌కుమార్ తెలియక చేసిన మేలు అది.

మునీంద్ర చిత్తూరు దారి పట్టాడు. మునీంద్ర అనే పేషెంటు రాలేదని చిత్తూరు ఆస్పత్రిలో అన్నారు. ఇంటికి రాలేదు. దారిలో ఏదో జరిగింది. జరిగితే ఎవరో చూసి ఉంటారు, జేబులో ఆధార్ తీసి ఉంటారు. అందులో మొదట ఉన్న పేరు కుప్పయ్య. ఇక్కడ స్టేషన్లో అవ్వ రాయించిన పేరు మునీంద్ర. రెండు కాగితాలు రెండు రోజులుగా ఒకదాన్నొకటి కలుసుకోకుండా రెండు బల్లల మీద పడి ఉన్నాయి.

"అవ్వా, మునీంద్ర ఆధార్లో అడ్రసు యాడిది?"

"సత్యవేడుది. మా కొడుకూ కోడలూ ఉండిన ఇల్లు. వాళ్ళు పోయినంక వాన్ని నేను ఈడికి తెచ్చుకున్యా. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవురున్నారు?"

ఎవరూ లేరు. కబురు పంపినా తీసుకునేవాళ్ళు లేరు. యాస్మిన్ ఫోను తీసి స్పీకరులో పెట్టింది. మొదట పుత్తూరు. కుప్పయ్య అనే పేషెంటు లేడన్నారు. తర్వాత తిరుపతి. అక్కడా లేడు. మూడోది చిత్తూరులో ఒక ఆస్పత్రి.

"కుప్పయ్యనా? ఉండాడు మేడమ్," అంది అటువైపు ఆడగొంతు. "నేను నర్సు కోమలిని. మంగళవారం మూడూ నలభైకి తెచ్చినారు. కార్వేటినగరం దాటినాక రోడ్డు పక్కన పడి ఉండినాడంట. ఏదో జీపు గుద్దేసి పోయింది. తలకు దెబ్బ. పోలీసులకు రాసిచ్చినాము, సత్యవేడు అడ్రసుకు ఎవరూ రాలేదు."

చౌడేశ్వరమ్మ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడెట్లున్నాడు?"

"కండ్లు తెరుస్తాడు. చెయ్యి గిల్లితే లాక్కుంటాడు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలకడు. రెండు దినాల నుంచి కుప్పయ్యా కుప్పయ్యా అని అరిచి అరిచి మా గొంతులు పోయినాయి. స్పందన లేదని డాక్టరుగారు షీటులో రాసినారు. ఏమైతేనేం, భార్య వచ్చింది ఇప్పుడే."

"ఎవరు వచ్చింది?"

"ఆయన భార్య. చెన్నైకి తీసుకపోతానంటాది. అంబులెన్సు కూడా తెచ్చుకున్నింది. సంతకాలు చేస్తా ఉండాది."

"సిస్టర్, మునీంద్రకు పెళ్ళి కాలేదు."

"మునీంద్ర ఎవురు మేడమ్?"

యాస్మిన్ కళ్ళు మూసుకుని తెరిచింది. ప్రాణం పెట్టి వెతికినవాళ్ళ దగ్గర ఆస్పత్రికి తెలియని పేరు ఉంది. ప్రాణం తీయాలనుకున్నవాళ్ళ దగ్గర కాగితం మీది పేరు ఉంది. అందుకే వాళ్ళు ముందు చేరారు.

సునీల్‌కుమార్ లేచి నిలబడ్డాడు. "నాకు వేరే పని ఉండాది. మీరు మాట్లాడుకోండి."

శాంతయ్య తలుపు మూసి దానికి వీపు ఆనించాడు. "కూసోండి సార్. తలుపు దగ్గర కాపలా నాదే గదా. ఫోను మాటలు అయిపోనీ, నేనే తీస్తా."

"కోమలి సిస్టర్, జాగ్రత్తగా వినండి," అంది యాస్మిన్. "ఆమె భార్య కాదు. ఆమె సంతకం పెట్టినా పేషెంటును కదలనీయొద్దు."

"అట్లంటే ఎట్ల మేడమ్? ఆమె దగ్గర ఆధార్ కాపీ ఉండాది. మీరెవరో నాకు తెలీదు. ఫోనులో ఎవరైనా ఏమైనా చెప్తారు. ఆయన నోరు తెరిచి నేను పోనంటే ఆపుతాను. ఆయన పేరుకే పలకడు."

"ఆ పేరుకు పలకడు. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టండి. ఒక్క నిమిషం. ఆ తర్వాత మీ ఇష్టం."

అటువైపు ఎవరో ఆడమనిషి విసుక్కోవడం వినిపించింది. "ఎవరితో ఫోను? టైమైతాంది. కుప్పయ్యా, పదండి పోదాము." తర్వాత కోమలి అడుగుల చప్పుడు. "పెట్టినాను. మాట్లాడండి."

యాస్మిన్ ఫోను చౌడేశ్వరమ్మ ముందు పెట్టింది.

ముసలామె ఏడవలేదు. ఏడిస్తే మాట సరిగ్గా వినపడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అయినా తెలుసు. ఏకాంబరకుప్పంలో తమ ఇంటి వీధిలో సాయంత్రం పూట అన్నానికి పిలిచే గొంతుతో, ఏమీ జరగనట్టే పిలిచింది.

"మునీంద్రా. రేయ్ మునీంద్రా. అవ్వను రా."

జవాబు లేదు.

"మునీంద్రా, పలుకు నాయనా."

షణ్ముగం చేతులు జోడించుకుని ఉన్నాడు. అతను ఎవరిని మొక్కుతున్నాడో అతనికే తెలియదు. ఒక నిమిషం అని అడిగిన యాస్మిన్ సెకన్లు లెక్కపెడుతోంది. ఇరవై. ముప్పై. మంచం కిర్రుమంది. తడారిన గొంతు ఒకటి, చాలా దూరం నుంచి నడిచి వచ్చినట్టు, మెల్లగా పలికింది.

"అవ్వా... నొప్పి తగ్గిందా?"

చౌడేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రెండు రోజులు తల పగిలి పడున్నవాడు మొదట అడిగింది ఆమె గుండెనొప్పి గురించి. లేని నొప్పి గురించి.

"నాకేం నొప్పి ల్యా నాయనా. నేను బాగుండా. ఎవురు పిలిచినా పోవద్దు. నేను వస్తాండా."

"ఊ."

కోమలి గొంతు మారిపోయింది. "పలికినాడు మేడమ్. డాక్టరుగారిని పిలిపిస్తాండా. సెక్యూరిటీని కూడా. నేను ఈ మంచం ఇడిసి కదలను." ఆమె గొంతు ఒకసారి దూరమై మళ్ళీ దగ్గరైంది. "మేడమ్, ఆ భార్యనన్నామె లేదు. సంతకాల కాగితం ఈడనే పడేసి వరండాలోకి పోయింది. ఎవరికో ఫోను చేస్తా ఉండాది."

"ఆమె మొహం గుర్తుపెట్టుకోండి సిస్టర్," అంది యాస్మిన్.

ఆమె ఆ మాట పూర్తి చేయకముందే ఆఫీసు గదిలో ఒక ఫోను మోగింది.

యాస్మిన్ ఫోను బల్ల మీద ఉంది. షణ్ముగంది ఛార్జింగులో ఉంది. శాంతయ్య చేతిలో ఉన్నది నోటుబుక్కు. మోత సునీల్‌కుమార్ చొక్కా జేబులోంచి వస్తోంది. అతను జేబు మీద చెయ్యి వేసి అదిమిపట్టాడు. మోత ఆగలేదు. కళ్ళద్దాలు నెత్తి మీది నుంచి జారి ముక్కు మీద వంకరగా నిలిచాయి. అతను సరిచేసుకోలేదు.

షణ్ముగం మెల్లగా లేచి శాంతయ్య పక్కన, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎత్తండి సార్," అంది యాస్మిన్, అదే మెత్తని గొంతుతో.

చౌడేశ్వరమ్మ కళ్ళు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"ఎత్తప్పా. నీ పేరు తెలిసిన మనిషే అయ్యుంటుంది."